పురుగూ పుట్రా: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

తొలకరి పడిందంటే చాలు, మన ఇళ్ళల్లో, హాస్టళ్ళలో, మసీదు వరండాల్లో చెప్పుల చప్పుడు మొదలవుతుంది. గోడ మీద ఏది కదిలితే దాని మీద చెప్పు పడుతుంది. నడిచేదా, ఎగిరేదా, కుట్టేదా, ఊరికే పోయేదా అని చూసే తీరిక ఎవరికీ ఉండదు. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి చచ్చినవీ బతికినవీ నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఒకప్పుడు అగ్గిపెట్టెలో తెచ్చేవారు, తర్వాత సీసాల్లో తెచ్చారు, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో ఫోటో పంపుతున్నారు. ప్రశ్న మాత్రం మారలేదు: “సార్, ఇది విషప్పురుగేనా?”

వచ్చేవాటిలో పదింటికి తొమ్మిది అమాయకపు జీవాలు. నిజంగా ప్రాణం మీదికి తెచ్చేవాటిని మాత్రం ఎవరూ తీసుకురారు. కొన్ని కంటికే కనపడవు, కొన్ని కుట్టి చీకట్లోకి పోతాయి. ఈ తేడా తెలియక రెండు విధాలా నష్టపోతున్నాం. అక్కర్లేని చోట భయంతో డబ్బూ నిద్రా పోగొట్టుకుంటున్నాం, భయపడాల్సిన చోట “ఏముందిలే, పొద్దున చూద్దాం” అని బిడ్డలను పోగొట్టుకుంటున్నాం. ఈ సంచిక చదివే దాతల్లో చాలామంది ఏదో ఒక హాస్టలుకో, పాఠశాలకో, ఉచిత వైద్యశాలకో చేయూతనిస్తున్నవారే. అందుకని పుస్తకాల్లో ఉండే వర్గీకరణలూ లాటిన్ పేర్లూ పక్కన పెట్టి, మన ఊళ్ళలో నిత్యం ఎదురయ్యే కొన్ని జీవుల గురించి మాత్రం చెబుతాను.

మొదట ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరు చుట్టాల కథ.

ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడగానే ఎర్రటి మఖమలు గుడ్డ తొడుక్కున్నట్టు ఇసుక నేలల్లో తిరిగే ఆరుద్ర పురుగు మీకు తెలుసు. మన దాదీలూ నానీలూ దాన్ని బీర్ బహూటీ అనేవారు. ఎనిమిది కాళ్ళు, ఒళ్ళంతా నెత్తుటి రంగు నూగు. తెలియనివాళ్ళు చూస్తే అంత ఎరుపు విషానికి గుర్తేమో అనుకుంటారు. కానీ అది మనిషిని కుట్టదు, కరవదు. పెద్దదయ్యాక చిన్నచిన్న పురుగుల గుడ్లు తిని బతుకుతుంది, కొద్ది రోజులు కనిపించి మళ్ళీ నేలలోకి పోతుంది. మేము పిల్లలుగా ఉన్నప్పుడు అరచేతుల్లో పెట్టుకుని ఆడుకునేవాళ్ళం. అత్తరు, మూలికల దుకాణాల్లో దీన్ని ఎండబెట్టి అమ్మడం, తైలం తీయడం పాత కాలం నుంచీ ఉంది. ఆ తైలం గుణం సంగతి ఏమో గాని, అమ్మకం కోసం వేలకు వేలు ఏరుకుపోవడం వల్ల పొలాల్లో ఇవి కరువవుతున్నాయన్నది నా బాధ.

దీని చుట్టం ఇంకొకటి ఉంది. గడ్డిలో, పొదల్లో, ఎలుకలు తిరిగే చోట ఉంటుంది. దాని పిల్ల మిల్లీమీటరులో అయిదో వంతు. ఇంగ్లీషులో చిగ్గర్ అంటారు. మన భాషలో దీనికి ప్రత్యేకంగా పేరు పెట్టుకోలేదు, చూడలేనిదానికి పేరేం పెడతాం? గడ్డిలో కూర్చున్నప్పుడో, పొదల పక్కకు బహిర్భూమికి పోయినప్పుడో అది ఒంటి మీదికి ఎక్కి, బట్ట బిగువుగా ఉండే చోట, నడుం దగ్గర, చంకలో, గజ్జల్లో కరిచి దిగిపోతుంది. నొప్పి ఉండదు. కరిచినట్టే తెలియదు. దాని ఒంట్లో ఉండే సూక్ష్మజీవి మన రక్తంలో చేరితే పది రోజుల అటూ ఇటూగా జ్వరం మొదలవుతుంది. దీన్నే స్క్రబ్ టైఫస్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో పోరాడిన సైనికులను ఇది విపరీతంగా బాధించింది. జపాన్‌వాళ్ళు ఏనాడో దీన్ని గుర్తించి ‘సుత్సుగముషి’ అన్నారు. కీడు చేసే పురుగు అని దానర్థం. ఆ పేరే ఈనాటికీ శాస్త్రంలో నిలిచింది.

ఇది ఎక్కడో బర్మా రోగం అనుకోకండి. వానలు తగ్గి చలి మొదలయ్యే నెలల్లో తిరుపతి, చిత్తూరు వైపు ఆస్పత్రుల్లో డాక్టర్లకు ఇది బాగా పరిచయమైన జ్వరం. తక్కిన జిల్లాల్లోనూ ఉంది. చిక్కు ఏమిటంటే ఇది అచ్చం టైఫాయిడ్‌లా, మలేరియాలా, డెంగ్యూలా కనిపిస్తుంది. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, తగ్గని జ్వరం. ఆ పరీక్షలన్నీ చేయించి, ఏవో నాలుగు రకాల మందులు మింగి వారం పది రోజులు గడిచేసరికి ఊపిరితిత్తులకో, మూత్రపిండాలకో, మెదడుకో పాకుతుంది. అప్పుడు పెద్దాసుపత్రి, ఐసీయూ, లక్షల్లో ఖర్చు. సహాయం కోసం మీ దగ్గరికి వచ్చే ఆస్పత్రి బిల్లుల్లో ఇలాంటివి కొన్ని తప్పకుండా ఉంటాయి.

దీనికి మందు మాత్రం ఖరీదైనది కాదు. డాక్సీసైక్లిన్ అనే పాత మాత్ర, లేదా అజిత్రోమైసిన్. సకాలంలో ఇస్తే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. కావలసిందల్లా అనుమానించడం. కరిచిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు ఒక నల్లటి పొక్కు ఏర్పడుతుంది. అందరికీ రాదు గాని, వస్తే మాత్రం రోగాన్ని పట్టించే సాక్షి అదే. అది ఉండేది చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుం పట్టీ దగ్గర. రోగి సిగ్గుపడి చూపించడు, డాక్టరు తొందరలో చూడడు. మన ఆడపిల్లల విషయంలో ఈ సిగ్గు మరీ ప్రమాదం. అయిదు రోజులు దాటిన జ్వరం ఉంటే ఇంట్లో అమ్మో, పెద్దమ్మో, ఖాలానో ఒంటి మీద అంతటా ఒకసారి వెతికి చూడాలి. కనపడితే డాక్టరుతో నోరు తెరిచి చెప్పాలి. ఉతికిన బట్టలు గడ్డి మీద ఆరేయకపోవడం, పొలం నుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చడం, ఇంటి చుట్టూ పొదలు కొట్టి ఎలుకలను రానీయకపోవడం, ఇంతకు మించిన జాగ్రత్త లేదు.

ఇక తేలు. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను, ఎందుకంటే మన సీమలో పిల్లల ప్రాణాలు ఎక్కువగా పోయేది దీనివల్లే అని నా అభిప్రాయం.

మనకు కనపడే తేళ్ళు స్థూలంగా రెండు రకాలు. ఒకటి మండ్రగబ్బ. నల్లగా నిగనిగలాడుతూ, పీత డెక్కల్లాంటి లావుపాటి డెక్కలతో, జానెడు పొడుగు ఉంటుంది. చూస్తేనే గుండె జారుతుంది. కుడితే మంట భరించలేం గాని ప్రాణం పోవడం బహు అరుదు. రెండోది ఎర్రతేలు. వేలెడంత కూడా ఉండదు. ఇటుక రంగు, సన్నటి డెక్కలు, లావుపాటి తోక. చూసినవాడు “చిన్నదేలే” అంటాడు. అదే ప్రాణాంతకం. డెక్కలు బలంగా ఉన్న తేలు వేటను డెక్కలతోనే నలిపేస్తుంది, దానికి గట్టి విషంతో పని లేదు. డెక్కలు సన్నగా ఉన్నది కొండి మీదే ఆధారపడాలి. అందుకే డెక్క సన్నం, తోక లావు అయితే ఆస్పత్రికి పరుగెత్తాలి.

రంగును బట్టి తీర్పు చెప్పకూడదని ముఖ్యంగా గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు చెప్పాలి. కడప, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్ నుంచి కువైట్‌కూ సౌదీకీ వెళ్ళి గొర్రెల మందల దగ్గర, ఎడారి క్యాంపుల్లో పని చేసేవారు ఎందరో ఉన్నారు. ఇక్కడ “నల్లది మంచిది, ఎర్రది చెడ్డది” అని విని పోతే అక్కడ మోసపోతారు. అరబ్బు దేశాల్లో లావు తోక నల్లతేలు ఒకటుంది, అదీ ప్రాణాంతకమే. పసుపు తేలు ఇంకొకటి, అది మరీ చెడ్డది. ఏ దేశమైనా రంగు వదిలేసి డెక్కల లెక్కే చూసుకోవాలి. అదీ చీకట్లో కనపడకపోతే, కుట్టింది చెడ్డదే అనుకుని బయల్దేరడం మేలు.

ఎర్రతేలు విషం ఒంట్లో ఏం చేస్తుంది? నరాల తలుపులు మూసుకోకుండా తెరిచి పెడుతుంది. దాంతో భయపడినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ లాంటివి వరదలా వస్తాయి. రక్తనాళాలు బిగుసుకుపోతాయి, రక్తపోటు పైకి పోతుంది, గుండె ఆ ఒత్తిడికి తట్టుకోలేక అలసిపోతుంది, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పెద్దవాళ్ళ ఒంటికి కొంత ఓర్చుకునే శక్తి ఉంటుంది. పది పన్నెండు కిలోల పిల్లవాడికి అదే మోతాదు విషం ఎంత ఎక్కువో ఆలోచించండి.

ఈ రహస్యాన్ని విప్పినవాడు పెద్ద నగరంలో పరిశోధకుడు కాదు. మహారాష్ట్ర కొంకణ్ ప్రాంతంలో, రాయగఢ్ జిల్లా మహాడ్‌లో పనిచేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే పల్లెటూరి డాక్టరు. తేలు కుట్టిన పిల్లలు తన కళ్ళ ముందే నురగలు కక్కి చనిపోతుంటే మంచాల పక్కనే కూర్చుని గంటగంటకూ నాడీ, రక్తపోటూ రాసుకుంటూ పోయారాయన. 1982లో ఆ లక్షణాలను ‘లాన్సెట్’ అనే ప్రఖ్యాత వైద్య పత్రికలో ప్రచురించారు. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే చవక మాత్ర బిగుసుకున్న రక్తనాళాలను సడలించి ప్రాణం నిలుపుతుందని 1986లో అదే పత్రికలో రాశారు. అంతకు ముందు విషం తీవ్రంగా ఎక్కినవారిలో నూటికి ముప్పై మంది దాకా చనిపోయేవారు. ఆ మాత్ర వచ్చాక అది నూటికి నలుగురికి లోపు పడిపోయింది. తేలు విషానికి విరుగుడు సీరం కూడా మన దేశంలోనే తయారవుతుంది. మాత్రతో పాటు సీరం కూడా ఇస్తే రోగి ఇంకా త్వరగా తేరుకుంటాడని ఆయనా ఆయన సతీమణి డాక్టర్ ప్రమోదినీ కలిసి 2011లో చూపించారు. 2022లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఇది చెప్పడం ఆయన్ను పొగడటానికి కాదు. పద్ధతి కనిపెట్టి నలభై ఏళ్ళు అయ్యింది, మందు చవక, అయినా మన పల్లెల్లో ఇంకా చింతపిక్క అరగదీస్తున్నారు, అందుకు.

చింతపిక్క సంగతి కూడా చెప్పేస్తాను. రాతి మీద అరగదీసి కుట్టిన చోట పెడితే అంటుకుంటుంది, విషం లాగేశాక ఊడిపోతుందని నమ్మకం. చింతపిక్కలో జిగురు ఉంటుంది. దాన్ని తేలు కుట్టని చోట పెట్టినా అంటుకుంటుంది, ఎండాక ఊడిపోతుంది. ఉల్లిపాయ, సున్నం, కిరోసిన్, బ్యాటరీ పొడి ఇవన్నీ ఆ కోవలోవే. మంత్రం వేసేవారికి తొంభై శాతం విజయం ఎందుకు దక్కుతుందంటే, కుట్టిన తేళ్ళలో ఎక్కువ భాగం మామూలువి, ఏమీ చేయకపోయినా నాలుగు గంటల్లో నొప్పి తగ్గుతుంది. మిగిలిన కేసుల్లో ఆ నాలుగు గంటలే ప్రాణం ఖరీదు. ప్రార్థన చేయవద్దని నేను అనడం లేదు. దుఆ దారిలో, ఆటోలో కూర్చుని కూడా చేయవచ్చు.

ఏం చూడాలి? వాంతులు, ఒళ్ళంతా చెమట, చేతులూ కాళ్ళూ చల్లబడటం, ఆయాసం, గుండె దడ. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకూడదు. నొప్పి తక్కువగా ఉందని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. విషం ఒంటికి ఎక్కిన పిల్లల్లో కుట్టిన చోట నొప్పి అంతగా ఉండకపోవచ్చు. నొప్పితో గోలపెట్టేవాడికంటే చెమటలు కారుతూ మౌనంగా ఉన్నవాడే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. పిల్లలైతే లక్షణాల కోసం ఎదురుచూడకుండానే తీసుకుపోవాలి. కుట్టిన చోట సబ్బుతో కడిగి, మంచుముక్క గుడ్డలో చుట్టి పెట్టవచ్చు. తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం పనికిరావు. స్టెరాయిడ్, అలర్జీ ఇంజెక్షన్లు ఈ విషాన్ని ఆపలేవు. వాటితో సరిపెట్టి ఇంటికి పంపుతుంటే, ప్రాజోసిన్ గురించి అడగడానికి మొహమాటపడకండి. అయితే అది డాక్టరు రక్తపోటు చూస్తూ ఇవ్వవలసిన మాత్ర, మనం కొని ఇంట్లో పెట్టుకునేది కాదు.

కర్నూలు జిల్లా కోడుమూరు కొండ మీద శ్రావణ మాసంలో భక్తులు తేళ్ళను చేత్తో పట్టి దేవుడికి సమర్పిస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో షా విలాయత్ దర్గాలో తేళ్ళు ఎవరినీ కుట్టవని చెప్పి యాత్రికులు అరచేతిలో పెట్టుకుంటారు. నమ్మకాల జోలికి నేను పోను. జంతుశాస్త్రం చెప్పేది ఒక్కటే: తేలు విషం దానికి విలువైనది, ఒక్కసారి ఖర్చయితే మళ్ళీ ఊరడానికి రోజులు పడుతుంది, అందుకని ఒత్తిడి పడకపోతే ఊరికే కుట్టదు. ఇంట్లో చెప్పులో కాలు పెట్టినప్పుడు, కట్టెల మోపు ఎత్తినప్పుడు ఆ ఒత్తిడి పడుతుంది. బేతంచర్ల నాపరాళ్ళు పేర్చి కట్టిన గోడలున్న ఇళ్ళలో రాయికీ రాయికీ మధ్య సందులే వాటి కాపురం. ఆ సందులు సిమెంటుతో పూడ్పించడానికి అయ్యే ఖర్చు ఒక్క ఆస్పత్రి రాత్రికి అయ్యేదానికంటే తక్కువ. నోట్లు అసలువో నకిలీవో చూసే ఊదా రంగు టార్చి ఒకటి బజారులో దొరుకుతుంది. చీకట్లో దాని వెలుగు పడితే తేలు పచ్చగా, నీలంగా మెరిసిపోతుంది. హాస్టలు వార్డెను చేతిలో ఒకటి ఉంటే పడుకునే ముందు గది మూలలు చూసుకోవడం రెండు నిమిషాల పని. అన్నట్టు తేలు పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని పుడతాయన్నది అబద్ధం. ప్రాణంతో పుట్టి, తల్లి వీపెక్కి కొన్నాళ్ళు స్వారీ చేస్తాయి, అంతే.

సాలీడు దగ్గరికి వద్దాం. ఖుర్‌ఆన్‌లో సాలీడు పేరుతో ఒక సూరా ఉంది, తేనెటీగ పేరుతో ఒకటి, చీమల పేరుతో ఒకటి. సౌర్ గుహ ముఖద్వారంలో గూడు కట్టిన సాలీడు కథ మన ఇళ్ళల్లో ప్రతి పిల్లవాడూ విన్నదే. అయినా స్నానాల గదిలో అరచేయంత సాలీడు కనపడితే ఇల్లంతా కేకలే. బూడిద రంగులో, బల్లపరుపుగా, కాళ్ళు పక్కలకు చాచి గోడకు అతుక్కుని ఉంటుందే, దాని పని బొద్దింకలను వేటాడటం. గూడు కట్టదు. కొన్నిసార్లు పొట్ట కింద తెల్లటి బిళ్ళ మోసుకుంటూ తిరుగుతుంది, అది గుడ్ల సంచి. మనల్ని చూసి పారిపోతుంది. దాన్ని ఉండనిస్తే బొద్దింకల మందు ఖర్చు కలిసివస్తుంది.

సాలీడు మీద పడిన పెద్ద నింద వేరే ఉంది. పొద్దున లేచేసరికి మెడ మీదో, బుగ్గ మీదో ఎర్రటి చార, దాని మీద నీటి పొక్కులు, మంట. పెద్దవాళ్ళు చూసి “మకడీ ఫిర్ గయీ”, సాలీడు పాకింది అంటారు. ఇంకొందరు అక్కి లేచిందని రాయించుకోవడానికి తీసుకుపోతారు. చాలాసార్లు ఆ పని చేసింది సాలీడు కాదు, అక్కీ కాదు. సెంటీమీటరు కూడా లేని, చీమలా పొడుగ్గా ఉండే పురుగు. తల నలుపు, నడుం నారింజ, మధ్యలో నీలినలుపు, తోక చివర మళ్ళీ నలుపు. ఆఫ్రికాలో దీని చుట్టాన్ని నైరోబీ ఈగ అంటారు. ఇది కుట్టదు, కరవదు. రాత్రి దీపానికి వచ్చి మన ఒంటి మీద వాలుతుంది, మనం నిద్రలో చేత్తో నలిపేస్తాం, దాని రక్తంలో ఉండే ఘాటైన రసం చర్మానికి అంటుకుంటుంది. ఆ సమయానికి ఏమీ తెలియదు. పన్నెండు గంటల తర్వాతో, మర్నాడో పొక్కుతుంది. మోచేయి మడత మీద పడితే రెండు వైపులా ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు వస్తుంది. ఆ చేత్తోనే కన్ను నులుముకుంటే కన్ను వాచిపోతుంది.

వానాకాలంలో హాస్టళ్ళలో ఒకే రాత్రి పదిమంది పిల్లలకు ఇలా వచ్చి, అంటురోగమని భయపడి ఇళ్ళకు పంపేసిన సందర్భాలు నాకు తెలుసు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. రెండు వారాల్లో మానుతుంది, మచ్చ కొన్నాళ్ళు ఉంటుంది. పురుగు ఒంటి మీద కనిపిస్తే నలపకుండా ఊదేయాలి, లేదా కాగితం ముక్క మీదికి ఎక్కించి పారేయాలి. పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి. కిటికీలకు సన్నటి జాలీ, మంచానికి దోమతెర, పడుకునే ముందు వరండా ట్యూబ్‌లైటు ఆర్పడం, ఈ మూడూ ఉంటే సమస్య దాదాపు పోతుంది. కనపడిన ప్రతి చోటా మందు కొట్టి చంపమని మాత్రం నేను చెప్పను. వరి పొలంలో ఇదే పురుగు సుడిదోమను తిని రైతుకు మేలు చేస్తుంది.

సాలీడు కాటుకు మనుషులు చనిపోయారని 2012లో అస్సాంలోని సదియా నుంచి వచ్చిన వార్తలు కొందరికి గుర్తుండవచ్చు. పండుగ పందిట్లోకి సాలీళ్ళ దండు వచ్చిందని, ఇద్దరు చనిపోయారని పత్రికలు రాశాయి. తర్వాత తెలిసిందేమంటే, కాటు పడినవాళ్ళు ముందు వెళ్ళింది మంత్రగాళ్ళ దగ్గరికి, వారు బ్లేడుతో గాట్లు పెట్టి రక్తం తీశారు. చావుకు సాలీడే కారణమని రుజువు కాలేదు. బ్లేడు గురించి మాత్రం ఎవరూ శీర్షికలు పెట్టలేదు.

గల్ఫ్ నుంచి వాట్సాప్‌లో వచ్చే ఒంటె సాలీడు ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. 2004లో ఇరాక్‌లో తీసిన ఫోటోతో దీనికి ప్రపంచమంతా పేరు వచ్చింది. మనిషి తొడంత పొడుగు ఉన్నట్టు కనిపిస్తుంది, కెమెరాకు దగ్గరగా పట్టుకోవడం వల్ల. కాళ్ళతో కలిపి కొలిచినా జానెడుకు మించదు. అసలది సాలీడే కాదు, వేరే జాతి. దానికి విషం లేదు. ఒంటెల పొట్ట చీల్చడం, నిద్రపోయేవాడి ముఖం కొరుక్కుతినడం అన్నీ కట్టుకథలు. వేగం మాత్రం నిజం, మనిషి మెల్లగా పరుగెత్తినంత వేగంగా పోతుంది. మన వెంట పడుతుందనుకుంటాం గాని దానికి కావలసింది మన నీడ. ఎండకు తాళలేక మన నీడలోకి వస్తుంది, మనం పరుగెత్తితే నీడతో పాటు అదీ పరుగెత్తుతుంది. రెచ్చగొడితే గట్టిగా కొరుకుతుంది, ఆ గాయం శుభ్రంగా కడుక్కుంటే చాలు.

జెర్రి గురించి క్లుప్తంగా. కాటు మంట విపరీతం, వాపు వస్తుంది, పెద్దవాళ్ళకు ప్రాణభయం లేదు. చిన్నపిల్లలను డాక్టరుకు చూపించాలి. ఉర్దూలో కన్‌ఖజూరా అనడంతో, కాన్ అంటే చెవి కాబట్టి, చెవిలో దూరి మెదడు తింటుందనే భయం పుట్టింది. చెవికీ మెదడుకూ దారి లేదు. చెవిలో ఏ పురుగు దూరినా పుల్లతో పొడవకుండా, కాస్త కొబ్బరినూనె పోసి, చెవి డాక్టరు దగ్గరికి పోవాలి. చెవిలో చీము కారే జబ్బు ఉన్నవారు నూనె కూడా పోయకూడదు. జెర్రిని పోలిన రోకలిబండ ముట్టుకుంటే చుట్ట చుట్టుకునేది, దానికి విషపు కోరలు లేవు. దాని ఒంటి రసం కంట్లో పడకుండా చూసుకుంటే చాలు. గొంగళి పురుగు నూగు గుచ్చుకుంటే గోకవద్దు, ప్లాస్టరు టేపు అంటించి లాగితే వెంట్రుకలు వచ్చేస్తాయి.

తేనెటీగల విషయంలో మాత్రం మన మసీదు కమిటీలు కాస్త శ్రద్ధ పెట్టాలి. మినారుల కింద, నీళ్ళ ట్యాంకుల కింద పెద్ద తేనెతుట్టెలు పెట్టే జాతి ఒకటి ఉంది. దాని జోలికి పోనంతవరకు అది మన జోలికి రాదు. ఒక్క ఈగ కుట్టిందంటే అక్కడ వదిలిన కొండి నుంచి ఒక వాసన వస్తుంది, ఆ వాసనకు తక్కినవన్నీ అక్కడికే వస్తాయి. అందుకని నిలబడి చేతులు ఊపకూడదు. తల మీద రుమాలో దుపట్టానో కప్పుకుని తిన్నగా పరుగెత్తి గదిలో దూరి తలుపు వేసుకోవాలి. బావిలో, చెరువులో దూకితే తల బయటికి తీసేదాకా పైనే తిరుగుతాయి. కొండిని గోరుతోనో కార్డుతోనో ఎలా తీశామన్నది ముఖ్యం కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. కుట్లు వందల్లో పడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఆ రోజు బాగానే ఉన్నా ఆస్పత్రిలో ఉంచాలి. కొందరి ఒంటికి ఒక్క కుట్టు కూడా పడదు. ముఖం ఉబ్బడం, ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, కళ్ళు తిరగడం కనిపిస్తే నిమిషాల్లో తొడ కండరంలో అడ్రినలిన్ సూది పడాలి. 108కి ఫోను చేసేటప్పుడే ఆ మాట చెప్పాలి. తుట్టె తీయించాల్సి వస్తే తెలిసినవారిని పిలిచి, జనం లేని సమయంలో తీయించాలి. జుమా వేళకు ముందు కుర్రాళ్ళ చేతికి కాగడా ఇచ్చి పైకి ఎక్కించే అలవాటు మానాలి.

హాస్టళ్ళకు ఏమివ్వాలని నన్ను అడిగే దాతలకు నేను చెప్పే జాబితా చిన్నది. నేల మీద పడుకునే పిల్లలకు మంచాలు, మడిచి పరుపు కింద దోపగలిగిన దోమతెరలు, రాత్రి మరుగుదొడ్డికి పోవడానికి టార్చీలు, మడమ దాకా మూసి ఉండే చెప్పులు. చెప్పు తొడిగే ముందు దులపడం నేర్పడానికి ఖర్చేమీ లేదు. ఫలకాల మీద పేరు చెక్కించదగిన దానాలు కావివి, అయినా అడుగుతున్నాను.

చివరగా మన సీమకే పేరు తెచ్చిన ఒక సాలీడు గురించి. 1899లో పొకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త, గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒక పెద్ద సాలీడును లోకానికి పరిచయం చేశాడు. ఒళ్ళంతా మెరిసే నీలం, కాళ్ళ మీద పసుపు మచ్చలు. ఆ తర్వాత వందేళ్ళు అది ఎవరికీ కనపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో మళ్ళీ దొరికింది. గుత్తి దాని సొంత ఊరు కాదని, కలప దుంగలతో పాటు రైలెక్కి వచ్చిందని అప్పుడు అర్థమైంది. కాటు పడితే నొప్పి, కండరాల పట్లు ఉంటాయి. దాని వల్ల మనిషి చనిపోయిన దాఖలా లేదు. చెట్ల తొర్రల్లో ఉంటుంది, మనిషి అడుగు చప్పుడు వింటే లోపలికి పోతుంది. యూరప్‌లో, అమెరికాలో దీన్ని అద్దాల పెట్టెల్లో ముద్దుగా పెంచుకుంటున్నారు. ఇక్కడ మాత్రం చెట్లు కట్టెలకు పోయి, వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని అడవి ముక్కలో మిగిలింది. అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జీవుల పట్టికలో 2008లో దాని పేరు చేర్చారు. గిద్దలూరు దారిలో కట్టెలు కొట్టుకునే మనవాళ్ళెవరికైనా తొర్రలో నీలం సాలీడు కనిపిస్తే, ఆ ఒక్క చెట్టును వదిలేయమని చెప్పండి.